మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషనా, వ్యాయామమా? ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు ఎంపిక సలహా

విజయవాడలోనో గుంటూరులోనో ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు దెబ్బతిన్న కుర్రాడి ఇంట్లో తరచూ కనిపించే పరిస్థితి ఇది. ఎంఆర్ఐ తీయిస్తారు. రిపోర్టులో ‘ఏసీఎల్ పూర్తిగా తెగింది’ అని వస్తుంది. ఏసీఎల్ అంటే మోకాలి ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లలో, అంటే గట్టి పట్టీల్లో, ఒకటి. ఒక డాక్టరు వచ్చే వారమే ఆపరేషన్ చేద్దామంటారు. ఇంకొకరు మూడు నెలలు వ్యాయామం చేసి చూద్దామంటారు. చూడ్డానికి వచ్చిన బంధువు పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిస్తే అదే అతుక్కుంటుందంటారు. ఇంట్లోవాళ్లకు ఎవరి మాట వినాలో తెలియదు.

ఎంఆర్ఐ ఫిల్ము ఏది తెగిందో చెబుతుంది. ఆ కుర్రాడు మళ్లీ ఏ ఆట ఆడాలనుకుంటున్నాడో, ఏ పని చేసి బతుకుతున్నాడో, మెట్లు దిగుతుంటే మోకాలు జారుతోందో లేదో, తొమ్మిది నెలలు విడవకుండా వ్యాయామం చేయగలడో లేడో అది చెప్పదు. చికిత్స ఏదో తేల్చేవి ఇవే. కాబట్టి ఫిల్ము పక్కన పెట్టి మొదటి నుంచి చూద్దాం.

ముందు తెగింది ఏదో తెలియాలి

మోకాలికి నాలుగు ప్రధాన లిగమెంట్లు. కీలు మధ్యలో ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ ఉండేవి రెండు: ముందుది ఏసీఎల్, వెనకది పీసీఎల్. పక్కల ఇంకో రెండు: రెండో కాలి వైపు ఉండేది ఎంసీఎల్, బయటి వైపు ఉండేది ఎల్‌సీఎల్. వీటికి తోడు తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య మెత్తల్లా ఉండే మెనిస్కస్‌లు రెండు.

ఏసీఎల్ తెగడానికి చాలాసార్లు ఎవరూ తగలక్కర్లేదు. పరుగులో ఉన్నవాడు ఒక్కసారిగా దిశ మార్చుకుంటాడు, బూట్ల అడుగున ఉండే స్టడ్స్ నేలలో పట్టేసి పాదం అక్కడే ఉండిపోతుంది, పైన ఒళ్లు తిరుగుతుంది. లోపల ‘టప్’మన్నట్టు అనిపిస్తుంది. ఒకటి రెండు గంటల్లో మోకాలు బాగా ఉబ్బుతుంది. అది నీరు కాదు, కీలులోకి కారిన రక్తం. అదే వాపు మరునాటికి నెమ్మదిగా వస్తే మెనిస్కస్ దెబ్బను ఎక్కువగా అనుమానించాలి. ఎదుటివాడు మోకాలి బయటి పక్కన గుద్దితే, నొప్పి లోపలి పక్కన ఉంటే, ఎంసీఎల్. గోల్‌కీపర్ మడిచిన మోకాలి మీద పడి కింది ఎముక వెనక్కి నెట్టుకుంటే పీసీఎల్.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మోకాలు స్థానం తప్పి వంకరపోయినా, తప్పి మళ్లీ దానంతట అదే కూర్చున్నా, పాదం చల్లబడినా, పాలిపోయినా, పాదాన్ని పైకి ఎత్తలేకపోయినా ఆ గంటలోనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. మోకాలి వెనక రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు. ఆరేడు గంటలు గడిచాక కాలు నిలబెట్టడం కష్టం. మోకాలు సగంలో ఇరుక్కుపోయి చాపలేకపోతున్నారంటే మెనిస్కస్ ముక్క మడతపడి అడ్డుపడి ఉండొచ్చు. దానికి గంటల తొందర లేదు కానీ వారాలు ఆగితే కుట్టే వీలు తగ్గిపోతుంది.

నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, మోకాలు 90 డిగ్రీలు వంగకపోతే, చిప్ప మీదగానీ బయటి పక్క ఎముక బుడిపె మీదగానీ నొక్కితే నొప్పి పుడితే ముందు ఎక్స్‌రే. ఎంఆర్ఐ కంటే ముందు డాక్టరు చేత్తో చేసే లాక్‌మాన్ పరీక్ష ముఖ్యం: మోకాలిని 20–30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగి చూస్తారు. గట్టిగా ఆగితే ఏసీఎల్ ఉన్నట్టు, ఆగకుండా మెత్తగా సాగితే తెగినట్టు. వాపు, నొప్పి ఉన్న మొదటి రోజు ఈ పరీక్ష సరిగ్గా తేలదు. వారం పది రోజుల తర్వాత మళ్లీ చేయించుకోవాలి. మోకాలిని ముట్టుకోకుండా, ఎంఆర్ఐ కాగితం ఒక్కటే చూసి ఆపరేషన్ తేదీ చెప్పినచోట రెండో అభిప్రాయం తీసుకోండి.

మొదటి రెండు వారాలు: ఏ దారి ఎంచుకున్నా ఇది తప్పదు

- ఐస్: పలచటి గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి, మొదటి రెండు మూడు రోజులు. ఐసును నేరుగా చర్మానికి ఆనించకూడదు.
- క్రేప్ బ్యాండేజీ పాదం పైనుంచి మొదలుపెట్టి తొడ దాకా. వేళ్లు తిమ్మిరెక్కితే విప్పి వదులుగా కట్టాలి.
- పడుకున్నప్పుడు మడమ గుండె కంటే ఎత్తులో ఉండాలి. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలి కింద కాదు.
- తొడ బిగింపు: కాలు చాపి, మోకాలి వెనక భాగాన్ని మంచానికి నొక్కుతూ పది సెకన్లు బిగించి వదలాలి. పది సార్లు ఒక విడత, రోజుకు ఐదారు విడతలు.
- నడవగలిగినంత బరువు మోపుతూ చంకకర్రలతో నడవచ్చు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు.

దిండు విషయం మళ్లీ చెప్పాల్సిందే. నొప్పిగా ఉందని రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టుకుని వంచి పడుకోబెట్టడం మన ఇళ్లలో మామూలు. అలా రెండు వారాలు గడిచేసరికి కాలు పూర్తిగా చాపడం రాదు. చివరి ఐదు డిగ్రీలు రాకపోయినా నడక కుంటుతుంది, తొడ కండరం కరిగిపోతుంది. అలాంటి బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చ కణజాలం పేరుకుని అది మరింత బిగుసుకుంటుంది.

చేయకూడనివి: వేడి కాపడం, నూనె మర్దన, లాగి సరిచేయించడం. మొదటి రోజుల్లో ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇక నాటు కట్టు. ఎముక విరిగినప్పుడు కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది కాబట్టి కట్టుకు పేరొచ్చింది. ఏసీఎల్ కీలు లోపల ఉంటుంది. చుట్టూ ఎప్పుడూ కీలు ద్రవం ఉండడంతో, కారిన రక్తం అక్కడ గడ్డకట్టి తెగిన కొసలను కలపడం కష్టం. కొందరిలో అది తనంతట తాను అతుక్కున్నట్టు ఎంఆర్ఐల్లో కనిపిస్తున్న మాట నిజమే. కానీ మోకాలిని నెలల తరబడి కట్టేసి ఉంచితే మిగిలేది బిగుసుకున్న కీలు, సన్నబడ్డ తొడ.

తేల్చుకోవాల్సిన ఐదు ప్రశ్నలు

మొదటిది, మోకాలు జారుతోందా? నడుస్తుంటే, మెట్లు దిగుతుంటే, వెనక్కి తిరిగితే మోకాలు పట్టు తప్పినట్టు అనిపించడమే అన్నిటికంటే పెద్ద గుర్తు. జారిన ప్రతిసారీ మెనిస్కస్, ఎముక కొసల మీది నున్నటి పొర అయిన కార్టిలేజ్ నలుగుతాయి.

రెండోది, మళ్లీ ఏం ఆడాలి? ఈత, సైకిల్, నేరుగా పరుగు ఏసీఎల్ లేకుండానే చాలామంది చేయగలరు. ఫుట్‌బాల్, కబడ్డీ, బాస్కెట్‌బాల్ వేరు. అక్కడ ఆటంతా ఆగడం, తిరగడం, దిశ మార్చడమే.

మూడోది, బతుకుతెరువు ఏమిటి? గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడి మోకాలికీ కంప్యూటర్ ముందు కూర్చునేవాడి మోకాలికీ పడే భారం ఒకటి కాదు.

నాలుగోది, ఇంకేం దెబ్బతిన్నాయి? ఏసీఎల్‌తోపాటు కుట్టదగ్గ మెనిస్కస్ చీలిక ఉంటే ఆపరేషన్ వైపు తూకం బాగా మొగ్గుతుంది.

ఐదోది, తొమ్మిది నెలలు వారానికి మూడు నాలుగు రోజులు వ్యాయామం చేయగలరా? ఆపరేషన్ చేయించుకున్నా ఇది తప్పదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆపరేషన్‌తో కొత్త తాడు మాత్రమే వస్తుంది. దాన్ని వాడే బలం, అదుపు వ్యాయామంతోనే వస్తాయి.

ఏసీఎల్ పూర్తిగా తెగితే ఉన్న దారులు

| | వ్యాయామంతోనే | మూడు నెలలు వ్యాయామం, తర్వాత నిర్ణయం | త్వరగా ఆపరేషన్, తర్వాత వ్యాయామం |
|---|---|---|---|
| ఎవరికి సరిపోతుంది | తిరిగే ఆటలు మానుకోడానికి సిద్ధపడ్డవాళ్లకి, మోకాలు జారనివాళ్లకి | ఇంకా తేల్చుకోలేనివాళ్లకి, ఏసీఎల్ ఒక్కటే తెగినవాళ్లకి | పోటీ ఫుట్‌బాల్‌కి తిరిగి రావాల్సినవాళ్లకి, మెనిస్కస్ కుట్టాల్సినవాళ్లకి |
| మామూలు పనులకి | 2–3 నెలలు | 2–3 నెలలు | 2–3 నెలలు. బరువు పనికి 4–6 |
| ఫుట్‌బాల్‌కి | సిఫారసు చేయలేం | ఆపరేషన్ చేయించుకుంటే ఆ రోజు నుంచి లెక్క | కనీసం 9 నెలలు, పరీక్షలు నెగ్గాక |
| పెద్ద ముప్పు | జారుతూ మెనిస్కస్ చీలడం | ‘తర్వాత చూద్దాం’ అంటూ ఏళ్లు గడపడం | బిగుసుకుపోవడం, ఇన్ఫెక్షన్, గ్రాఫ్ట్ (కొత్తగా అమర్చిన తాడు) మళ్లీ తెగడం |

ఈ పట్టిక వెనక మంచి పరిశోధనలున్నాయి. స్వీడన్‌లో 121 మంది యువకులపై జరిపిన కానన్ పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు. మిగతావాళ్లకి ముందు వ్యాయామం, అవసరమైతే తర్వాత ఆపరేషన్. రెండేళ్ల తర్వాత నొప్పిలో, పనితీరులో, ఆటలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండో గుంపులో సుమారు 40 శాతం మంది రెండేళ్లలోపు, సగం మంది ఐదేళ్లలోపు ఆపరేషన్‌కి వెళ్లారు. మిగతా సగానికి దాని అవసరమే రాలేదు.

ఇంకో వైపు కూడా చూడాలి. 2022లో బ్రిటన్ నుంచి వచ్చిన స్నాప్ పరిశోధన, తెగి కొంతకాలం గడిచి మోకాలు జారుతూ ఉన్న 316 మందిని తీసుకుంది. అక్కడ ఆపరేషన్ గుంపు మెరుగ్గా ఉంది. రెండూ కలిపి చదివితే తేలేది ఒకటే: దెబ్బ కొత్తగా ఉన్నప్పుడు ముందు వ్యాయామం చేసి చూడడంలో నష్టం లేదు, కానీ మోకాలు జారుతూనే ఉంటే ఇంకా లాగడంలో లాభం లేదు.

కాబట్టి ఏసీఎల్ ఒక్కటే తెగిన పెద్దవాళ్లలో ఎక్కువమందికి మధ్య దారినే మేం ముందు పెడతాం. అయితే అది ఊరికే ఎదురుచూడడం కాకూడదు. ఆ మూడు నెలల్లో వాపు పూర్తిగా పోవాలి, కాలు రెండో కాలితో సమానంగా చాపగలగాలి, ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవగలగాలి, తొడ బలం మంచి కాలితో పోలిస్తే 80 శాతానికి చేరాలి. ఈలోగా మోకాలు ఒకటికి రెండుసార్లు జారితే ఆగకండి. తర్వాత ఆపరేషన్‌కి వెళ్లాల్సి వచ్చినా ఆ కష్టం వృథా కాదు. బలమైన తొడతో ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు త్వరగా కోలుకుంటారు. ఆపరేషన్‌కి అసలు తొందర లేదు కూడా. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగాక చేస్తేనే మేలు.

‘ఆపరేషన్ చేయించకపోతే మోకాలు అరిగిపోతుంది’ అని భయపెట్టడం తరచూ వినిపిస్తుంది. ఏసీఎల్ తెగిన మోకాలికి తర్వాతి కాలంలో అరుగుదల ముప్పు ఎక్కువే. ఆపరేషన్ ఆ ముప్పును తప్పిస్తుందని మాత్రం తేలలేదు. మెనిస్కస్‌ను కాపాడుకోవడం, బరువు అదుపులో ఉంచడం, తొడ బలం నిలుపుకోవడం అంతకంటే ముఖ్యం.

ఆపరేషన్ అనుకున్నాక: గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి?

తెగిన ఏసీఎల్‌ను మామూలుగా కుట్టరు. మీ ఒంట్లోంచే ఒక స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు, తీసి, తొడ ఎముకలో, కింది ఎముకలో రంధ్రాలు చేసి, దాన్ని దూర్చి, స్క్రూతోనో చిన్న బటన్‌తోనో బిగిస్తారు. ఏ స్నాయువు అన్నది డాక్టరు అలవాటును బట్టి మాత్రమే తేలిపోకూడదు.

| గ్రాఫ్ట్ | బలం | ఇబ్బంది |
|---|---|---|
| చిప్ప కింది స్నాయువు, రెండు కొసల ఎముక ముక్కలతో | ఎముకకి ఎముక త్వరగా అతుకుతుంది, పోటీ ఆటగాళ్లకి నమ్మకమైనది | మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి, చిప్ప ముందు నొప్పి |
| తొడ వెనక స్నాయువులు, అంటే హామ్‌స్ట్రింగ్ | చిన్న గాటు, చిప్ప ముందు నొప్పి తక్కువ | తొడ వెనక బలం తగ్గడం. సన్నగా ఉంటే మళ్లీ తెగే ముప్పు |
| తొడ ముందు స్నాయువు, అంటే క్వాడ్రిసెప్స్ | మందంగా దొరుకుతుంది, మోకాళ్లూనితే నొప్పి తక్కువ | తొడ ముందు బలం రావడానికి ఎక్కువ సమయం |
| చీలమండ పక్క స్నాయువు, పెరోనియస్ లాంగస్ | మోకాలి చుట్టూ కండరాలను తాకదు | చీలమండ బలంపై ప్రభావం పడొచ్చు |
| మరణించిన దాతది | మీ ఒంట్లోంచి ఏదీ తీయరు | యువ ఆటగాళ్లలో మళ్లీ తెగడం చాలా ఎక్కువ |

మన దగ్గర ఎక్కువగా వాడేది హామ్‌స్ట్రింగ్. అది మంచిదే, కానీ మడతలు వేశాక కనీసం 8 మిల్లీమీటర్ల మందం రావాలి. సన్నగా, పొట్టిగా ఉన్న ఆటగాళ్లలో ఒక్కోసారి ఏడు మిల్లీమీటర్లే వస్తుంది. ‘సన్నగా వస్తే ఏం చేస్తారు?’ అని ఆపరేషన్‌కి ముందే అడగండి. అనుభవమున్న సర్జన్ దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

చిప్ప కింది స్నాయువు తీయడానికి ముందు మీ రోజువారీ బతుకు చెప్పండి. రోజుకు ఐదు పూటలు నమాజు చేసేవాళ్లు, టైల్స్ పనివాళ్లు, ఆటోనగర్‌లో బండి కింద మోకాళ్లూని పనిచేసే మెకానిక్కులు ఆ చిప్ప ముందు నొప్పితో ఏళ్ల తరబడి సతమతం కావచ్చు. వీళ్లకి హామ్‌స్ట్రింగో క్వాడ్రిసెప్సో మేలు. వింగ్‌లో పరుగుతీసే స్ట్రైకర్‌కి వేగమంతా తొడ వెనక కండరంలో ఉంటుంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. పెరోనియస్ లాంగస్ మన దేశంలో ఈ మధ్య బాగా వాడుతున్నారు. బంతిని తన్నే కాలి చీలమండలోంచి తీస్తారా, రెండో కాలిలోంచా అన్నది ఫుట్‌బాలర్ అడగాల్సిన ప్రశ్న.

14–25 ఏళ్ల వయసులో, కీళ్లు వదులుగా ఉండి, మోకాలు బాగా తిరిగిపోతున్నవాళ్లకి మోకాలి బయటి పక్కన అదనంగా ఇంకో పట్టీ బిగించే పద్ధతి ఉంది. ఆ వయసువాళ్లు 618 మందిపై జరిపిన స్టెబిలిటీ పరిశోధనలో, హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ మళ్లీ తెగడం ఈ పట్టీ వేశాక 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. గుంటూరు, కృష్ణా జిల్లాల జట్లలో ఆడాలనుకునే కుర్రాళ్లు దీని గురించి తప్పకుండా అడగాలి.

మిగతా లిగమెంట్ల సంగతి

ఎంసీఎల్ తెగిందంటే చాలావరకు శుభవార్తే. దానికి రక్తప్రసరణ బాగుంటుంది, తనంతట తాను అతుక్కుంటుంది. మొదటి గ్రేడుకి (కాస్త సాగితే) ఒకటి నుంచి మూడు వారాలు, రెండో దానికి (కొంత తెగితే) నాలుగు నుంచి ఆరు, మూడో దానికి (పూర్తిగా తెగితే) ఆరు నుంచి పన్నెండు వారాలు. పక్కలకు కదలకుండా, వంగడానికి వీలిచ్చే హింజ్ బ్రేస్ వేస్తారు. మెడికల్ షాపులో దొరికే మెత్తటి నీ క్యాప్ దానికి బదులు కాదు. ఎంసీఎల్, ఏసీఎల్ రెండూ తెగితే సాధారణంగా బ్రేస్‌తో ఎంసీఎల్‌ను నాలుగు నుంచి ఆరు వారాలు మాననిచ్చి, తర్వాత ఏసీఎల్ గురించి ఆలోచిస్తారు.

పీసీఎల్ ఒక్కటే తెగితే ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. కింది ఎముక వెనక్కి జారకుండా వెనక నుంచి ఆనించే బ్రేస్, తొడ ముందు కండరానికి వ్యాయామం. తొడ వెనక కండరాన్ని బిగించే వ్యాయామాలు మొదట్లో వద్దు, అవి ఎముకను ఇంకా వెనక్కి లాగుతాయి.

ఎల్‌సీఎల్, దాని వెనక మూలలో ఉండే పట్టీలు పూర్తిగా తెగితే మాత్రం లెక్క వేరు. రెండు మూడు వారాల్లోపు ఆపరేషన్ చేస్తే ఫలితం బాగుంటుంది. మూడు నెలలు చూద్దామన్న సలహా ఈ దెబ్బకు వర్తించదు.

ఎక్కడ చూపించుకోవాలి?

విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, గుంటూరు జీజీహెచ్‌లో, రెండు ఊళ్ల మధ్య మంగళగిరి ఎయిమ్స్‌లో ఎముకల విభాగాలున్నాయి. ప్రైవేటులో త్వరగా తేదీ దొరుకుతుంది, ఖర్చు ఎక్కువ. ముందే చెప్పినట్టు ఏసీఎల్ ఒక్కటే తెగితే తొందర లేదు కాబట్టి, వరుసలో కొన్ని వారాలు ఆగాల్సి వచ్చినంత మాత్రాన ప్రభుత్వాసుపత్రిని వదులుకోనక్కర్లేదు. ఆ వారాల్లో వ్యాయామం సాగితే చాలు. ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి మీ ఆపరేషన్ వస్తుందో రాదో ఆ ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో రిపోర్టు చూపించి ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

సర్జన్‌ను అడగాల్సినవి: ఏడాదికి ఎన్ని ఏసీఎల్‌లు చేస్తారు, మెనిస్కస్ చీలితే కుడతారా తీసేస్తారా, గ్రాఫ్ట్ ఏది, ఎందుకు, ఫిజియో ఎవరు, ఎన్ని నెలలు. చివరి ప్రశ్నకు ‘ఇంట్లో చేసుకోండి, కాగితం ఇస్తాం’ అన్న జవాబు వస్తే వేరేచోట చూడండి. ఫిజియో ఎంపికలో దూరం కూడా లెక్కలోకి వస్తుంది. తెనాలి నుంచి విజయవాడ పెద్ద సెంటర్‌కి రోజూ బస్సులో రాకపోకలు సాగించాలనుకున్నవాళ్లు నెల తిరిగేసరికి మానేస్తారు. దగ్గర్లోని ఫిజియో దగ్గర వారానికి రెండుసార్లు, ఇంటి దగ్గరి జిమ్‌లో రెండుసార్లు చేసి, నెలకోసారి పెద్ద సెంటర్‌లో చూపించుకోవడం నిలబడే ఏర్పాటు.

ఎవరికి ఏది?

శని, ఆదివారాల రాత్రుళ్లు టర్ఫ్ అద్దెకి తీసుకుని ఆడే ఉద్యోగి, వయసు 35, ఏసీఎల్ ఒక్కటే తెగింది, మోకాలు జారడం లేదు: మూడు నెలల వ్యాయామం. తర్వాత ఈతకో సైకిల్‌కో మారగలిగితే ఆపరేషన్ లేకుండానే సాగిపోవచ్చు. ఫుట్‌బాల్ వదులుకోలేకపోతే ఆపరేషన్.

కాలేజీ జట్టులో ఆడే ఇరవై ఏళ్ల కుర్రాడు, యూనివర్సిటీ జట్టు లక్ష్యం: వాపు దిగాక ఆపరేషన్. ఒక సీజన్ పోతుందని ముందే ఒప్పుకోవాలి. భారత డిఫెండర్ సందేశ్ ఝింగన్ 2019లో ఏసీఎల్ దెబ్బతో 2019–20 సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. 2023 అక్టోబరులో గాయపడ్డ నేమార్ మళ్లీ మైదానంలో దిగడానికి ఏడాది పట్టింది. ప్రపంచంలోని మంచి వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లకే అంత కాలం పడితే, ఐదు నెలల్లో ఆడిస్తామన్న మాట నమ్మకండి.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు: ఎముక ఇంకా ఎదుగుతుంటుంది. ఎదుగుదల పొర దెబ్బతినకుండా చేసే పద్ధతులు తెలిసిన సర్జన్ కావాలి. పిల్లాడు ఆగమన్నా ఆగడు, గెంతుతూనే ఉంటాడు కాబట్టి జారే మోకాలితో ఏళ్లు గడపనివ్వడం మెనిస్కస్‌కి ప్రమాదం.

అమ్మాయిలు: ఒకే ఆటలో అబ్బాయిలతో పోలిస్తే ఏసీఎల్ తెగే ముప్పు రెండు మూడు రెట్లు. చికిత్స ఎంపికలో తేడా లేదు. తేడా వస్తున్నది ఇంట్లోనే, ‘ఇక ఆట మానెయ్యి’ అన్న మాటతో. అది వైద్య సలహా కాదు.

బస్తాలు మోసేవాళ్లు, మెకానిక్కులు: మోకాలు జారితే ఆట సంగతి అటుంచి పనే ప్రమాదం. వీళ్లకి ఆపరేషన్ వైపు మొగ్గడం సరైనదే. కానీ బరువు పనికి నాలుగు నుంచి ఆరు నెలలు దూరం, ఆ నెలల సంపాదన సంగతి తేదీ తీసుకోకముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. డబ్బు కోసం రెండో నెలలోనే బస్తా ఎత్తి గ్రాఫ్ట్ పోగొట్టుకోవడం అన్నిటికంటే ఖరీదైన దారి.

ఆపరేషన్ తర్వాత నెలలు ఎలా గడవాలి

మొదటి రెండు వారాల లక్ష్యం కాలు నిటారుగా చాపడం. మడమ కింద దుప్పటి చుట్ట పెట్టి మోకాలిని గాలిలో వదిలేసి పది నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. ఆరు వారాలకు కుంటకుండా నడక, స్థిరమైన సైకిల్. కింద కూర్చునే మరుగుదొడ్డి వద్దు. మూడు నాలుగు నెలలు వెస్ట్రన్ కమోడ్ లేదా కమోడ్ కుర్చీ వాడాలి. మెనిస్కస్ కుట్టి ఉంటే ఇది మరీ కచ్చితం. కుడి కాలికి ఆపరేషన్ అయితే బ్రేకు గట్టిగా తొక్కగలిగేదాకా బండి నడపకూడదు. ఎడమ కాలికైతే గేర్లు, పైగా సిగ్నల్ దగ్గర బండి బరువంతా ఆ కాలి మీదే ఆపడం. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అది చిన్న పని కాదు.

గాటు పక్కన చర్మం మొద్దుబారడం మామూలే, భయపడక్కర్లేదు. పిక్క గట్టిపడి వాచినా, ఊపిరి అందకపోయినా, జ్వరంతో మోకాలు ఎర్రబడి చీము కారినా అదే రోజు ఆసుపత్రికి.

అందరూ దెబ్బతినే చోటు రెండు, మూడు నెలల మధ్య. నొప్పి పోతుంది, వాపు పోతుంది, నడక మామూలవుతుంది. ‘బాగైపోయింది’ అనిపిస్తుంది. కానీ లోపల పెట్టిన స్నాయువు అప్పటికి కొత్త రక్తనాళాలు పట్టించుకుంటూ, తన పాత గుణం పోయి కొత్త గుణం ఇంకా రాక, చాలా బలహీనంగా ఉంటుంది. ఆ దశలో స్నేహితులతో ‘ఊరికే నాలుగు పాసులు’ అని దిగినవాళ్లలో గ్రాఫ్ట్ సాగిపోతుంది. బలం పరీక్షించాక నాలుగో నెల ప్రాంతంలో నేరుగా పరుగు, ఆరో నెలకి గెంతడం, దిగడం, దిశ మార్చడం, బంతితో ఒంటరి సాధన. ఎండాకాలంలో విజయవాడ నేల ఇటుకలా గట్టిపడుతుంది కాబట్టి గెంతే వ్యాయామాలు తెల్లవారుజామున, మెత్తటి నేల మీద.

మైదానంలోకి రావడానికి క్యాలెండర్ ఒక్కటే చాలదు, అలాగని క్యాలెండర్ లేకుండానూ కాదు. 2016లో వచ్చిన డెలావేర్–ఓస్లో పరిశోధనలో, తొమ్మిది నెలల దాకా తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకీ మళ్లీ దెబ్బతగిలే రేటు సుమారు సగానికి తగ్గింది. పరీక్షలు నెగ్గకుండా ఆడినవాళ్లలో 38 శాతం మందికి మళ్లీ మోకాలు దెబ్బతింది. నెగ్గి ఆడినవాళ్లలో ఆరు శాతం లోపే.

ఆ పరీక్షలు మన దగ్గర చేసుకోదగ్గవే. జిమ్‌లో కూర్చుని కాలు చాపి బరువు ఎత్తే లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రం మీద మంచి కాలు ఒక్కసారి 40 కిలోలు ఎత్తితే దెబ్బ కాలు 36 ఎత్తాలి. టేపు పరచుకుని ఒంటికాలి గెంతులు: ఒకటి, వరుసగా మూడు, గీతను అటూ ఇటూ దాటుతూ మూడు, ఆరు మీటర్లు ఎంత వేగంగా గెంతగలరో. అన్నిటిలో మంచి కాలితో పోలిస్తే 90 శాతం రావాలి. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోతుంటే దూరం వచ్చినా నెగ్గినట్టు కాదు. ఫోన్‌లో ఎదురుగా వీడియో తీసి ఫిజియోకి చూపించండి.

నెగ్గాక కూడా మొదట జట్టు సాధన, తర్వాత 15–20 నిమిషాల ఆట, ఆపైన పూర్తి మ్యాచ్. టర్ఫ్ మీద పొడవాటి స్టడ్స్ వేసుకోవద్దు. అవి పాదాన్ని పట్టేస్తాయి. పొట్టి రబ్బరు స్టడ్స్ ఉన్న టర్ఫ్ బూట్లు వేసుకోండి. ఆటకి ముందు ఫిఫా 11+ అనే 20 నిమిషాల వార్మప్: పరుగులు, ఒంటికాలి నిలకడ, నార్డిక్ హామ్‌స్ట్రింగ్ (మోకాళ్ల మీద నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకుంటే, నెమ్మదిగా ముందుకు వాలడం), గెంతి సరిగ్గా దిగడం. దీన్ని వారానికి కనీసం రెండుసార్లు జట్టంతా చేయాలి. దెబ్బతగిలిన ఒక్కడే పక్కన చేసుకుంటే రెండు వారాల్లో మానేస్తాడు. అందుకే కోచ్ దీన్ని సాధనలో మొదటి 20 నిమిషాలుగా పెట్టేయాలి.